నచ్చజెప్పడం

అలిగిన పిల్లాణ్ణి బుజ్జగిస్తారు. అప్పిచ్చినవాణ్ణి గడువు కోసం బతిమాలతారు. చదువు మానేస్తానన్న కూతురికి మాత్రం నచ్చజెబుతారు.

బుజ్జగింపులో లాలన ఉంది, బతిమాలడంలో అవసరం ఉంది. ‘నచ్చు’, ‘చెప్పు’ కలిసిన ఈ మాటలో కారణం వివరించడం ఉంది, అది అవతలివారి మనసుకెక్కడమూ ఉంది. ఎవరినైనా ఒప్పిస్తాం, నచ్చజెప్పేది మాత్రం ఎవరికైనా. నిర్ణయం వినేవారి చేతిలోనే ఉంటుంది.

ఇలా నచ్చజెప్పడానికి చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1951 ఏప్రిల్ 18న తెలంగాణలోని పోచంపల్లిలో దళిత కుటుంబాలు ఆచార్య వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. ఆయన ఆ కోరికను ఊరివారి ముందుంచారు. బెదిరింపు లేదు, బలవంతం లేదు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు.

భూదానోద్యమం అలా మొదలైంది. ఆ తర్వాత వినోబా ఏళ్ల తరబడి ఊరూరా నడిచి భూస్వాములకు నచ్చజెప్పారు.