బాణాన్ని వెనక్కి తిప్పి కలపండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ బడిలో నేర్చుకున్న దాని గురించి చెప్పమన్నారు. సరిగా నేర్చుకోని పాఠం ఒకటుంది, దాని గురించి చెబుతాను.

మా సైన్సు మాస్టారు సదిశల కూడికని గ్రౌండులో ముగ్గుపిండితో చెప్పారు. తూర్పుకి 4 అడుగులు నడవమన్నారు, అక్కణ్ణుంచి ఉత్తరానికి 3. బయల్దేరిన చోటి నుంచి చేరిన చోటికి తిన్నగా కొలిస్తే 7 రాలేదు, 5 వచ్చింది. నడిచింది నేనే కాబట్టి కూడిక మరిచిపోలేదు. మర్నాడు తీసివేత. "తీసెయ్యాల్సిన బాణాన్ని వెనక్కి తిప్పి కలుపు, అంతేరా" అన్నారు. అంతే కదా అని బట్టీ పట్టాను. మార్కులూ వచ్చాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మంచినీటి పైపులైను పని చూశాను. 500 మిల్లీమీటర్ల పైపు, రబ్బరు రింగు జాయింట్లు. ఒకచోట తూర్పుకి పోయే లైను ఉత్తరానికి తిరుగుతుంది. ఆ వంపు కదలకుండా వెనక కాంక్రీటు దిమ్మె కట్టాలి. నీళ్లు తూర్పుకి వచ్చి గుద్దుతాయి కదా అనుకుని, దిమ్మెని తూర్పు వైపే కట్టించాను. టెస్టింగులో చదరపు సెంటీమీటరుకి 10 కిలోల పీడనం ఎక్కించేసరికి వంపు దక్షిణానికి జరిగింది, ఉత్తరపు జాయింటు ఊడింది. కందకం నిండా నీళ్లు. లోపలున్న కూలీ ఒకాయన బీడీ కోసం అప్పుడే పైకొచ్చాడు. బీడీ మంచిదని నేను ఎక్కడా అనను, ఆ ఒక్కరోజు తప్ప.

ఆ రాత్రి గ్రాఫు కాగితం తీశాను. ఆ పీడనానికి పైపులో నెట్టుడు సుమారు 20 టన్నులు. 4 టన్నులకి 1 సెంటీమీటరు చొప్పున తూర్పుకి 5 సెంటీమీటర్ల బాణం. బయటికెళ్లే పైపులోని నీళ్లు కూడా వంపుని నెడతాయి, కానీ అవి వెళ్లే దిక్కుకి కాదు, వెనక్కి. అంటే ఉత్తరపు బాణాన్ని తీసెయ్యాలి. మాస్టారి మాట ప్రకారం దాన్ని దక్షిణానికి తిప్పి, మొదటి బాణం మొన దగ్గర తోక పెట్టి, 5 సెంటీమీటర్లు గీశాను. మొదటి తోక నుంచి చివరి మొనకి స్కేలు పెడితే 7 సెంటీమీటర్లు. అంటే 28 టన్నులు, సరిగ్గా ఆగ్నేయానికి. ఆగ్నేయం అంటే మీకు వంటిల్లు గుర్తొస్తుంది, నాకు దిమ్మె.

ఇరవైకి ఇరవై తీసేస్తే సున్నా రాలేదు, ఇరవై ఎనిమిది వచ్చింది. సైన్, కొసైన్ ఇంజనీరింగులో చదివినవాణ్ణే. గీసి చూడలేదు, అంతే. ఇప్పుడు కంప్యూటరు లెక్క కట్టి ఇచ్చినా, ప్రతి వంపుకీ ముందు రెండు బాణాలు గీయనిదే సంతకం పెట్టను. మా కుర్ర ఇంజనీర్లు చాటున నవ్వుకుంటారని తెలుసు.

పిల్లలూ, లైను 90 డిగ్రీలు కాక 45 డిగ్రీలే తిరిగిందనుకోండి. అవే 20 టన్నులు, అదే స్కేలు. గీసి, ఎంతొచ్చిందో, ఏ దిక్కుకో భోజనాల దగ్గర నాకు చూపించండి. 15కి అటూ ఇటూగా వస్తే నా పక్కన కూర్చోవచ్చు.