బోర్డు పోయిందంటే వెంటనే నమ్మకండి
(మండల సమాఖ్య వార్షిక సమావేశంలో టీవీ రిపేరు సంఘం సభ్యుల ప్రసంగ పాఠం)



పోయినేడు ఇదే హాల్లో మా నలుగురం టీవీ రిపేరు పనికి అప్పు అడిగితే కొందరు నవ్వారు. కుట్టు మిషనుకైతే ఎవరూ నవ్వరు కదా. వాయిదాలు ఒక్కటీ తప్పలేదు. ఆ లెక్క పుస్తకంలో ఉంది. మీ ఇంట్లో టీవీ ఆగితే ఏం చూడాలో, మేం ఎక్కడ తప్పు చేశామో చెప్పాలని వచ్చాం.

షాపులో మొదట వినపడే మాట "బోర్డు పోయిందమ్మా, మార్చాలి". నిజంగా పోయినవీ ఉంటాయి, పిడుగు పడినప్పుడు మరీ. కానీ మా బల్ల మీదికి వచ్చినవాటిలో చాలావాటికి బోర్డంతా బాగానే ఉండి, దాని మీద ఒక చిన్న వస్తువు పోయింది. ఎర్ర లైటే రాకపోతే ప్లగ్గు, తీగ, ఫ్యూజు, ఆ తర్వాత పవర్ సప్లై బోర్డు చూస్తాం. లైటు వెలిగి ఆరుతూ టీవీ ఆన్ కాకపోతే ముందు కెపాసిటర్లను అనుమానిస్తాం. చిన్న డబ్బాల్లా ఉంటాయి. తల చదునుగా ఉండాలి, పూరీలా ఉబ్బితే పాడైనట్టే. కొన్ని రూపాయల వస్తువు. కొత్తదానికి మైక్రోఫారడ్ అంకె అదే ఉండాలి, వోల్టుల అంకె అంతే ఉండాలి లేదా ఎక్కువుండాలి. గీత ఉన్న వైపు కాలు మైనస్. తిప్పి వేస్తే పేలుతుంది. మా దగ్గర ఒకటి పేలింది కూడా.

ఇక మా తప్పు. ఒక పెద్దమ్మ టీవీకి మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు. కెపాసిటర్ మార్చి డబ్బు తీసుకున్నాం. రెండు రోజులు ఆడి మళ్లీ చీకటి. ఇంకొకటి మార్చాం. మూడోసారి ఆటోలో తెచ్చి, "ఆడోళ్ల రిపేరు ఇంతేనంటున్నాడమ్మా మా అల్లుడు" అంది. ఆ మాట మాకు గుచ్చుకుంది. అప్పుడు గది చీకటి చేసి, టీవీ ఆన్‌లో ఉంచి తెర మీద టార్చి వేశాం. బొమ్మ మసగ్గా కనిపించింది! బోర్డు తప్పేం లేదు, తెర వెనక వెలుగిచ్చే ఎల్ఈడీ పట్టీ పోయింది. మొదటి రోజే టార్చి వేయాల్సింది. పట్టీ మార్చి, తీసుకున్న డబ్బూ ఆటో ఖర్చూ తిరిగిచ్చాం. ఆ నెల వాయిదా మా సొంత పొదుపులోంచి కట్టాం.

టార్చి పరీక్ష మీరూ చేసుకోవచ్చు. వెనక మూత మాత్రం తెరవొద్దు. ఇంట్లో కరెంటు 230 వోల్టులు, బోర్డు మీద అది 320 దాకా అవుతుంది. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్‌లో నిలిచి ఉంటుంది. మాలో ఒకామెకు అలాగే షాక్ కొట్టి, మోచేయి దాకా తిమ్మిరెక్కింది. ఇప్పుడు హోల్డర్‌లో బల్బు పెట్టి, రెండు తీగలు కెపాసిటర్ కాళ్లకు తాకించి ఆ కరెంటు దించుతాం. మీటరు పెట్టి చూసుకున్నాకే చేయి వేస్తాం. స్క్రూడ్రైవర్‌తో తాకించేవాళ్లున్నారు, మేం చేయం.

ఈసారి అప్పు అడగడం లేదు. ఇప్పుడు గ్రామ సంఘం వరండాలో కూర్చుని చేస్తున్నాం, వాన జల్లు బల్ల మీద పడుతోంది. ఎర్తింగు ఉన్న ఒక గది ఇప్పించండి. అద్దె కడతాం.