గన్ కాదు, పైపు రెంచి: మిలటరీలో నీళ్లు, డీజిల్ చూసేవాళ్ల పని

  

మొన్న సంతలో ఒక తమ్ముడు ఆపి అడిగాడు. "అన్నా, నువ్వు మిలటరీలో చేశావంట కదా, ఏ గన్ ఇచ్చారు?" అని. "గన్ కాదురా, పైపు రెంచి ఇచ్చారు" అన్నాను. జోక్ అనుకుని నవ్వేశాడు. జోక్ కాదు. పదేళ్లకు పైగా నేను చేసింది అదే. ఒక డిఫెన్స్ క్యాంపులో నీళ్ల లైన్లు, పంప్ హౌస్, జనరేటర్ డీజిల్ ట్యాంకు. యూనిఫాం లేదు, సెల్యూట్ లేదు. కానీ మేము ఒక్క పూట చేతులు కట్టుకుని కూర్చుంటే అక్కడ వంటగది నుంచి హాస్పిటల్ దాకా అన్నీ ఆగిపోయేవి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన ఏజెన్సీ పిల్లలు ర్యాలీకి వెళ్తారు. పరుగులో నాలుగు సెకన్లు లేటవుతుంది. ఇంటికొచ్చి, మిలటరీ మనకి రాసిపెట్టి లేదు అనుకుంటారు. నేనూ రెండుసార్లు అలాగే తిరిగొచ్చాను. ఇంకో గేటు ఉందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

ముందు ఎవరి పని ఏమిటో చూద్దాం. అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో నీళ్లు, ఇంధనం రెండూ ఒకే ట్రేడు. ఆ మనిషే బాత్‌రూమ్ పైపు చూస్తాడు, ఆ మనిషే విమానాల ఇంధనం పైపులూ చూస్తాడు. మన దేశంలో అలా కాదు, పంచేశారు. కంటోన్మెంట్లు, నేవీ బేస్‌లు, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లు, వీటికి నీళ్లు, కరెంటు, బిల్డింగుల మెయింటెనెన్స్ అంతా మిలటరీ ఇంజనీర్ సర్వీసెస్, అందరూ ఎమ్ఈఎస్ అంటారు. 1923 సెప్టెంబరు 26న మొదలైంది. ఆర్మీకి పెట్రోలు, డీజిల్ సప్లై చేసేది ఆర్మీ సర్వీస్ కోర్. యుద్ధంలో ముందుకెళ్లి నీళ్ల పాయింటు పెట్టేది కోర్ ఆఫ్ ఇంజనీర్స్. మన దక్షిణాది వాళ్లు ఎక్కువగా చేరేది అందులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో, బెంగళూరులో ఉంటుంది, 1780 నాటిది. ముళ్లకంచెలు పేల్చడానికి పైపు ముక్కల్లో మందు కూరి ఒకదానికొకటి బిగించే బెంగళూరు టార్పెడో అని ఒకటుంది, 1912లో పుట్టింది ఈ సాపర్ల దగ్గరే. పైపు ఫిట్టింగ్ ఎంత దూరం పోతుందో చూశారా!

సరే, పనిలోకి వద్దాం. మొదటి రోజు నాకు పంప్ హౌస్ చూపించినప్పుడు భయమేసింది. నాలుగైదు పంపులు, వాల్వులు, మీటర్లు. సీనియర్ అన్న ఒకాయన అడిగాడు, "మీ ఊళ్లో నీళ్లెలా వస్తాయిరా?" అని. చెప్పాను. కొండ మీద ఊట ఉంది, అక్కడ చిన్న సిమెంటు గుంట కట్టి, ఇసుక, గులకరాళ్లు వేసి, పైపు దించారు. కరెంటు లేదు, మోటారు లేదు. "అయితే నీకు సగం పని వచ్చేసినట్టే" అన్నాడు.

నిజమే. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే కింద ఇంచుమించు ఒక కేజీ ప్రెషర్. యాభై మీటర్లు దిగితే ఐదు. గ్రావిటీ లైన్ మధ్యలో గుట్ట మీదుగా పోయిందా, ఆ మిట్ట దగ్గర గాలి చిక్కుకుంటుంది, ట్యాంకు నిండా నీళ్లున్నా కుళాయి దగ్గర 'ఫుస్' అంటుంది. అక్కడ గాలి వదిలే వాల్వ్ పెట్టాలి. పల్లంలో బురద పేరుతుంది, అక్కడ వాష్‌అవుట్ పెట్టాలి. మన ఊళ్లలో పెద్దాళ్లు పైపు మీద చెవి పెట్టి గాలి ఎక్కడ ఆగిందో చెప్పేస్తారు. క్యాంపులో దానికి గేజ్ ఉంటుంది. చెవి ఉన్నవాడికి గేజ్ నేర్పడం సులువు. చెవి లేనివాడికి గేజ్ ఉన్నా కష్టమే, నేను చూశాను.

తర్వాత నీళ్ల శుభ్రం. బ్లీచింగ్ పౌడర్ ఎంత వెయ్యాలి? మన దగ్గర పిడికిలి లెక్క. ఆర్మీలో దీనికొక పెట్టె పుట్టింది, హోరాక్స్ కిట్. హోరాక్స్ బ్రిటిష్ ఆర్మీ డాక్టరు. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. నల్ల కప్పులో బ్లీచింగ్ ద్రావణం కలుపుతారు. తెల్ల కప్పుల్లో మనం పరీక్షించే నీళ్లు. మొదటి దాంట్లో ఒక చుక్క, రెండో దాంట్లో రెండు, అలా ఆరు దాకా. అరగంట ఆగి ఇండికేటర్ వేస్తే ఏ కప్పు నుంచి నీలం రంగు మొదలైందో చూడాలి. మూడో కప్పు అయితే మూడు చెంచాలు, చెంచాకి 2 గ్రాములు, అంటే 455 లీటర్లకి 6 గ్రాములు. ఈ 455 ఏంటి అంటారా, వంద గ్యాలన్లు, పాత ఇంగ్లీషు లెక్క. ఇప్పుడు మన నర్సింగ్ పిల్లల పుస్తకాల్లో కూడా ఇది ఉంటుంది. వానాకాలం వాంతులు, విరేచనాలు మొదలయ్యే ఊళ్లలో ఈ ఆరు కప్పులు చాలా పని చేస్తాయి.

ఇక డీజిల్. కరెంటు పోతే పంపులు నడిచేది జనరేటర్ మీదే. డీజిల్‌కి శత్రువు నీళ్లు. ట్యాంకు సగం ఖాళీగా ఉందనుకోండి, చలి రాత్రి లోపలి గాలిలో తేమ గోడలకి చెమటలా పట్టి కిందికి దిగుతుంది. నీళ్లు బరువు, అడుగుకి పోతాయి, డీజిల్ పైన ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజెక్టర్లలోకి ముందు పోయేది ఆ నీళ్లే. అందుకే సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టాలి, పొద్దున్నే అడుగు కాక్ తిప్పి కొంచెం వదలాలి, డిప్ రాడ్‌కి వాటర్ పేస్ట్ రాసి ముంచితే నీళ్లున్నంత మేర రంగు మారుతుంది. అరకు చలిలో ట్రాక్టర్, జీపు నడిపేవాళ్లు కూడా ఇది చేసుకోవచ్చు.

విచిత్రం ఏంటంటే, ఈ గుణాన్నే వాడుకునేవాళ్లూ ఉన్నారు. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసే ఉంటారు, స్కూల్ టూర్‌లో అందరూ వెళ్తారు. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైర్ అయ్యింది. డీజిల్ సబ్‌మెరైన్లలో ఇంధనం ఖర్చయిన కొద్దీ ట్యాంకు అడుగు నుంచి సముద్రం నీళ్లు రానిస్తారు. డీజిల్ పైకి తేలే ఉంటుంది, నీళ్లు ఆ ఖాళీ నింపుతాయి. లేకపోతే డీజిల్ అయ్యే కొద్దీ పడవ తేలికైపోయి లోతు పట్టదు. ఈసారి వెళ్తే టార్పెడోల దగ్గర సెల్ఫీ అయ్యాక పైపుల వైపు కూడా ఒకసారి చూడండి.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. ఎక్కడ, ఏ క్యాంపు అన్నది వద్దు.

నేను చేరి ఆరు నెలలు. పోస్టు పేరు మేట్, అంటే అందరికన్నా కింద. ఎండాకాలం, బోరు ఎండింది, బయట నుంచి ట్యాంకర్లు వస్తున్నాయి. ఒకరోజు కొత్త ట్యాంకర్ వచ్చింది. మూత తీస్తే లోపల్నుంచి సన్నగా ఒక వాసన. మా ఊళ్లో కిరోసిన్ దీపం పెట్టుకుని చదివినవాణ్ని, ఆ వాసన నాకు తెలుసు. "అన్నా, ఇందులో ముందు డీజిల్ పోశారు" అన్నాను. సీనియర్ చిరాకు పడ్డాడు. "ఒరేయ్, కడిగి తెచ్చారంట. బ్యారక్‌లో మూడొందల మంది పొద్దుట్నుంచి నీళ్లు లేక చూస్తున్నారు. పైపు తగిలించు." నేను తగిలించలేదు. కాళ్లు వణుకుతున్నాయి, అబద్ధమెందుకు. జేఈ సార్ వచ్చారు. ముందు నన్నే తిట్టారు. తర్వాత ఒక గ్లాసులో పట్టి చూశారు, పైన ఇంద్రధనస్సులా పొర కట్టింది. ట్యాంకర్ వెనక్కి పోయింది. ఆ రాత్రి మూడొందల మంది నీళ్లు లేక నన్ను తిట్టుకునే ఉంటారు. సీనియర్ వారం రోజులు మాట్లాడలేదు.

అప్పుడు నేను ఓవర్ చేశానేమో అనిపించింది. తర్వాత రెడ్ హిల్ గురించి చదివాను. అమెరికాలో హవాయి దీవుల్లో, పెర్ల్ హార్బర్ దగ్గర, రెండో ప్రపంచ యుద్ధం టైములో అక్కడి నేవీ కొండ లోపల 20 ట్యాంకులు కట్టింది. ఒక్కోటి 250 అడుగుల ఎత్తు. వాటికి వంద అడుగుల కింద తాగునీటి ఊట పొర. 2021 మే 6న ఒక పైపు పగిలి విమాన ఇంధనం పోయింది. అందులో చాలా భాగం మంటలార్పే సిస్టం డ్రెయిన్ పైపులోకి చేరి అక్కడే ఉండిపోయింది. ట్యాంకు లెక్కలో తేడా ఉంది, దాన్ని తుదిదాకా లాగి చూసినవాడు లేడు. నవంబరు 20న ఒక చిన్న రైలు బండి ఆ డ్రెయిన్ వాల్వ్‌కి తగిలింది. అంతే, సుమారు 75 వేల లీటర్లు బయటికొచ్చింది, అందులో కొంత నీళ్ల బావిలోకి చేరింది. ఆ లైన్ మీద బతికేవాళ్లు 93 వేల మంది, ఎక్కువమంది సైనికుల కుటుంబాలే. వారం తిరిగేసరికి కుళాయి తిప్పితే ఇంధనం వాసన. పిల్లలకి దద్దుర్లు, వాంతులు. 2022 మార్చిలో ఆ ట్యాంకులు మొత్తం మూసెయ్యమని ఆర్డర్ వచ్చింది. వాళ్ల దగ్గర లేని మీటరు లేదు, లేని సెన్సారు లేదు.

ఇది మన ఊళ్లకి దూరం కాదు. మన కిరాణా కొట్టుల్లో పెట్రోలు ఎందులో అమ్ముతున్నారు? లీటరు వాటర్ బాటిల్లో. దాహంతో వచ్చిన పిల్లాడికి ఏం తెలుస్తుంది? రెండో యుద్ధంలో జర్మన్ సైన్యం 20 లీటర్ల క్యాన్లు వాడింది, మనం జెర్రీ క్యాన్ అనేది అదే. నీళ్ల క్యాన్ మీద తెల్ల గుర్తు వేసి, నీళ్లు అని అచ్చు పోసేవాళ్లు, చీకట్లో తడిమినా తెలియాలని. కొట్టు నడిపే అన్నలూ, అక్కలూ, కనీసం వేరే రంగు క్యాన్ వాడండి, పై అరలో పెట్టండి.

ఇంకో మాట. సంప్ గానీ, ట్యాంకు గానీ కడగడానికి ఒంటరిగా దిగొద్దు. లోపల గాలి చెడిపోయి ఉంటే అరుపు కూడా రాదు. ఒకడు పడిపోతే రెండోవాడు కంగారుగా దూకుతాడు, ఇద్దరూ పోతారు. మూతలు ముందే తీసి గాలి ఆడనివ్వాలి, నడుముకి తాడు ఉండాలి, పైన మనిషి ఉండాలి.

ఇప్పుడు ఉద్యోగం దారి. ఇక్కడే చాలామందికి తెలియనిది ఉంది. అగ్నివీర్‌గా యూనిఫాంలోకి వెళ్లేవాళ్లకి ఎస్టీ రిజర్వేషన్ కోటా ఉండదు. కానీ ఎమ్ఈఎస్ మేట్, నేవీ ట్రేడ్స్‌మన్ మేట్ లాంటి సివిలియన్ పోస్టులు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు. దేశవ్యాప్త నియామకాల్లో ఎస్టీలకి 7.5 శాతం ఉంటుంది, ఏజ్‌లో ఐదేళ్ల సడలింపు ఉంటుంది. క్యాస్ట్ సర్టిఫికెట్ కేంద్రం ఫార్మాట్‌లో తీసుకోవాలి, అది ముందే రెడీ చేసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరిగి డేట్ మిస్సయినవాళ్లని నేను చూశాను.

ఐటీఐలో ప్లంబర్ ఒక ఏడాది, ఫిట్టర్ రెండేళ్లు. అది అయ్యాక విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్‌కి ట్రై చెయ్యండి, పైప్ ఫిట్టర్ ట్రేడు ఉంటుంది. స్టైపెండ్ ఇస్తారు. అప్రెంటిస్ అయిపోగానే ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, ఆ ఆశ పెట్టుకుని వెళ్లొద్దు. కానీ ఓడ పైపుల మీద పనిచేశానంటే బయట ఏ కంపెనీ అయినా నిలబెట్టి మాట్లాడుతుంది. చెల్లెళ్లూ, ఇది మీకూ తెరిచే ఉంది. రెంచి తిప్పడానికి బలం కన్నా పట్టు ముఖ్యం, మైలు దూరం నుంచి బిందెలు మోసినవాళ్లకి నేను చెప్పాలా?

వాట్సాప్‌లో ఎమ్ఈఎస్‌లో వేల పోస్టులు, ఫీజు ఇంత కట్టండి అని వస్తే నమ్మకండి. డబ్బులడిగే ఏజెంటు ఎవడైనా సరే దొంగే. నోటిఫికేషన్ అఫీషియల్ వెబ్‌సైట్‌లో, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో కనబడితేనే అప్లై చెయ్యండి.

ఆ సీనియర్ అన్న రిటైరయ్యే రోజు నా దగ్గరకొచ్చి తన పైపు రెంచి ఇచ్చి వెళ్లాడు. ట్యాంకర్ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది ఇప్పుడు మా ఊరి ఊట ట్యాంకు దగ్గర ఉంది. వచ్చే ఎపిసోడ్ అక్కడే షూట్ చేద్దామనుకుంటున్నా, హోరాక్స్ కప్పులు తెస్తాను. మీ ఊరి నీళ్లు ఒక బాటిల్లో పట్టుకురండి, పెట్రోలు పోసిన బాటిల్ మాత్రం వద్దు.