తంత్రికి శ్రుతి – మనస్సుకు స్మృతి



దేవాలయ మండపంలో సంగీత సభ ఆరంభమయ్యే ముందు మనము ఒక దృశ్యాన్ని తరచు చూస్తూ ఉంటాము. విద్వాంసుడు ఫిడేలును చేతబట్టి, బిరడాలను త్రిప్పుతూ, తంత్రులను మీటి చూస్తూ, చెవి యొగ్గి వింటూ ఉంటాడు. ఇంకా పాట మొదలు కాలేదేమని మనలో కొందరము విసుగు చెందుతాము. కాని తెలిసినవారికి కచేరి అప్పుడే మొదలైనది. శ్రుతి కుదరనిదే ఎంత గొప్ప రాగమైనా వ్యర్థమే. శ్రుతిని తల్లి అనీ, లయను తండ్రి అనీ పెద్దలు ఊరక అనలేదు. వీణావాదన తత్త్వాన్నీ, శ్రుతి జాతులనూ, తాళాన్నీ ఎరిగినవాడు ప్రయాస లేకుండానే మోక్షమార్గాన్ని చేరుకొంటాడని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతున్నది. కనుక తంత్రిని శ్రుతి చేయడమనే ఈ చిన్న పనిలో సాధకునికి ఏ పాఠమున్నదో నేడు విచారించుదాము.

ఫిడేలు పాశ్చాత్యుల నుండి మనకు వచ్చిన వాద్యము. సుమారు రెండు వందల సంవత్సరాల క్రిందట ముత్తుస్వామి దీక్షితుల వారి సోదరులు బాలుస్వామి దీక్షితులు ఒక ఐరోపా వాద్యకారుని వద్ద దీనిని అభ్యసించి, కర్ణాటక సంగీతానికి అనువుగా మలచినవారిలో అగ్రగణ్యులైనారు. మన విజయనగరంలో 1919లో సంగీత కళాశాల ఏర్పడినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) అక్కడ ఫిడేలు ఆచార్యులై, పిమ్మట అధ్యక్షులై, ఈ వాద్యానికి ఆంధ్రదేశంలో గొప్ప కీర్తి తెచ్చినారు.

పాశ్చాత్యులు ఈ వాద్యాన్ని దవడ క్రింద ఆనించుకొని, నాలుగు తంత్రులనూ స్థిరమైన స్వరాలకు బిగిస్తారు. మనవారు నేలపై కూర్చొని, దాని శిరస్సును కుడి పాదముపై మోపి, తంత్రులను స–ప–స–ప అని గాయకుని శ్రుతికి కలుపుతారు. శిరస్సు వంచి, మరొకరి శ్రుతికి లోబడినది కనుకనే, పరదేశపు వాద్యానికి భగవంతుని సన్నిధిలో స్థానము లభించినది.

ఇక అసలు విషయానికి వద్దాము. నిన్న చక్కగా కలిపిన తంత్రి నేడు కలిసి ఉండదు. పెట్టెలో మూసి ఉంచినా ఉండదు. ఎండకాలంలో కొయ్య ముడుచుకొని బిరడ జారుతుంది. వానకాలంలో తేమకు ఉబ్బి పట్టుకొంటుంది. లోహపు తీగ వేడికి సాగి స్వరము దిగుతుంది. క్రొత్త తీగ అయితే కొన్నాళ్ళ వరకు సాగుతూనే ఉంటుంది. ఇది వాద్యకారుని దోషము కాదు, తంత్రి స్వభావము.

"ఇరవై ఏండ్లుగా పూజ చేస్తున్నాము. అయినా కోపము పోలేదు, జపంలో మనస్సు నిలువలేదు. ఇక ఈ జపము ఎందుకు?" అని వాపోయి, జపమాలను మూలకు పెట్టినవారు ఎందరో ఉన్నారు. తంత్రి జారినదని ఫిడేలును పారవేసే విద్వాంసుడు ఎక్కడైనా ఉన్నాడా? గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో మనస్సు తిరుగరాదని చెప్పలేదు. చంచలమైన మనస్సు ఎక్కడెక్కడికి పోతుందో, అక్కడక్కడ నుండి దానిని మరల్చి ఆత్మయందే నిలుపుమన్నాడు. జారడము తంత్రి పని. మరల కలుపుకోవడము మన పని.

దేనితో కలుపుకోవాలి? తంత్రి తనకు తానే ప్రమాణము కాజాలదు. వెనుక తంబూరా నాదము ఉండాలి. రెండు నాదాలు దగ్గరకు వచ్చి ఇంకా కలియనప్పుడు, వాటి నడుమ అల వంటి కంపము వినబడుతుంది. దగ్గరైన కొలదీ ఆ అల నెమ్మదిస్తుంది. పూర్తిగా కలిసినప్పుడు అణగిపోతుంది. షడ్జ పంచమాలు 2:3 నిష్పత్తిలో నిలిచినప్పుడు కలిగే ప్రశాంతి అట్టిది. మనకు తంబూరా భగవన్నామమే. మన మాట, మన నడత దానితో కలిసినవా లేదా అన్నది మనలోని అలజడియే తెలుపుతుంది. ఆ అలజడి వినబడినంత కాలము భయము లేదు. వినబడకపోవడమే ప్రమాదము.

బిరడను త్రిప్పడంలోనూ ఒక ధర్మమున్నది. ఒక్కసారి బలముగా బిగిస్తే తీగ తెగుతుంది. స్వరము హెచ్చినప్పుడు కొంచెము క్రిందికి దించి, అక్కడ నుండి మెల్లగా పైకి తెచ్చి నిలుపుతారు. అట్లు తెచ్చినదే నిలుస్తుంది. అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ, అతిగా నిద్రించేవానికీ, నిద్ర మానినవానికీ యోగము సిద్ధించదన్న భగవద్వాక్యము ఇదే. ఒక్క ఏకాదశినాడు కఠినోపవాసము చేసి, మరునాడు ఇంటివారందరిపై మండిపడితే, అది బిగుసుకొన్న తంత్రియే కదా!

మరొక రహస్యము వినండి. ఫిడేలు లోపల, పైపలకకూ క్రిందిపలకకూ నడుమ ఒక చిన్న కొయ్యపుల్ల నిలిచి ఉంటుంది. దానికి జిగురు లేదు, మేకు లేదు. తంత్రుల బిగువు వలన కలిగే ఒత్తిడియే దానిని నిలబెడుతుంది. నాదాన్ని ఒక పలక నుండి మరొక పలకకు చేర్చేది అదే. ఫ్రెంచివారూ, ఇటలీవారూ దానిని తమ తమ భాషలలో 'ఆత్మ' అనే అర్థము గల పేరుతో పిలుస్తారు. నాలుగు తంత్రులనూ ఒకేసారి వదులు చేస్తే ఆ పుల్ల పడిపోవచ్చును. అందుచేత తీగలు మార్చవలసి వచ్చినప్పుడు ఒకదాని తరువాత ఒకటిగా మారుస్తారు.

మన జీవితంలోనూ అంతే. ప్రయాణము వల్లనో, అనారోగ్యము వల్లనో ఒక నియమము తప్పవచ్చును. సంధ్య తప్పినదని స్తోత్రము మానవద్దు. ఆలయానికి వెళ్ళలేకపోతిమని ఇంట దీపము మానవద్దు. ఒక తంత్రి తెగినప్పుడు మిగిలిన మూడూ బిగువుగా ఉంటే, లోపలి ఆత్మ నిలిచే ఉంటుంది.

కనుక వాద్యకారుడు దినదినమూ వాయించే ముందు శ్రుతి చూచుకొన్నట్లే, మనమూ ఉదయము లేవగానే పని ముట్టక ముందు కొన్ని నిమిషాలు నామస్మరణతో మనస్సును కలుపుకొందాము. కచేరి నడుమ కూడ అతడు ఒక కృతికీ మరొక కృతికీ మధ్య తంత్రిని సరిచూచుకొంటాడు, అందుకు సిగ్గుపడడు. మనమూ పగటివేళ ఒక పరుషమైన మాట పైకి వచ్చే ముందు ఒక్క క్షణము ఆగి, లోపలి శ్రుతిని విందాము. రాత్రి నిద్రకు ముందు మరల ఒకసారి చూచుకొందాము. జారిన తంత్రిని కలుపుకొనే ఓర్పును ఆ నాదస్వరూపుడు మనకందరకూ అనుగ్రహించుగాక!

ఓం శాంతిః శాంతిః శాంతిః