కంప క్రింద బావి

(సంఘపు తోటలో పని చేసిన పిమ్మట చేసిన ప్రసంగము)



గుడి వెనుకనున్న తోటను గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. మొన్నటి వరకు దానిని మనము తోట అనలేదు, కంప అన్నాము. పాములున్నవని పిల్లలను అటు పోనివ్వలేదు. పనికిరాని స్థలము గనుక కౌలుకిచ్చివేయుదమని కమిటీలో ప్రతిపాదించినవాడను నేనే.

ఆ కంప మన దేశపుది కాదు. పులికంపను, అనగా లాంటానాను, 19వ శతాబ్దపు తొలి రోజులలో పూల అందము కొరకు అమెరికా ఉష్ణ ప్రాంతముల నుండి కలకత్తా తోటకు తెచ్చిరి. సర్కారు తుమ్మ విత్తనములను 1870లలో వంటచెరకు నిమిత్తము మన కడప జిల్లాలో నాటించిరి. మన తోటలో ఆ రెండింటిని కంచెగా పెట్టినది మన పెద్దలే. చూడక వదలినది మనము.

మొదట కొడవళ్లతో నరికాము. ఒక వాన పడగానే మొదలు మొదలుకు పది పిలకలు లేచినవి. మన సంఘపు అవ్వ ఒకామె చూచి, "క్షవరము చేసినారు గాని వేరు తీయలేదు గదా నాయనా" అన్నది. అటుపిమ్మట గడ్డపారలతో చుట్టూ త్రవ్వి వేళ్లతో పెకలించాము.

మూడవ శనివారము గడ్డపారకు రాయి తగిలినది. మన్ను తీయగా పూడిన బావి, దాని రాతి ఒర, ప్రక్కన తొట్టి, చెట్ల పాదులకు పోవు గచ్చు కాలువ బయటపడినవి. ఒర అంచున చేంతాడు ఒరసిన గాడులు వ్రేలు పట్టునంత లోతున్నవి. అవ్వ ఒక గాడిలో వ్రేలు పెట్టి చాలసేపు పలుకలేదు. ఊరి బావిలో చేద వేయనివ్వని రోజులలో తన తల్లి ఇక్కడనే నీళ్లు తోడుకొన్నదని తరువాత చెప్పినది.

నా ప్రతిపాదనను ఆనాడే వెనుకకు తీసికొన్నాను.

పని ముగియలేదు. పులికంప పండ్లు తిని పిట్టలు విత్తులు చల్లును. ప్రతి వానకు మొలకలు లేచును. ఖాళీగా ఉంచిన నేలను కంప మరల ఆక్రమించును గనుక, వెంటనే నిమ్మ, మునగ, కరివేప నాటుదము. ప్రతి కుటుంబము నెలకొక శనివారము ఒక పూట రావలెను.

మరియొక మనవి. ఒరను బాగుచేయునప్పుడు ఆ గాడులను మాత్రము సిమెంటుతో పూడ్చవద్దు.