మార్పుల చిట్టా: గిట్ పరిచయము



తాటాకుల గ్రంథమునకు ప్రతి వ్రాయుచు ఒకడు పదము మార్చును; మరియొకడు పద్యము చేర్చును. కొన్ని తరములు గడచిన పిమ్మట మూల మేదియో చేర్పేదియో తేల్చుట పండితులకును కష్టమగును. 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన బ్రౌనుదొర పెక్కు ప్రతులు తెప్పించి పోల్చినపుడు ఎదుర్కొన్న చిక్కిదియే. మార్చినవా డెవడు? ఎప్పుడు మార్చెను? ఏల మార్చెను? ఈ మూటికి జవాబు ప్రతితోడనే యుండినచో ఆ శ్రమలో ఎంతయో తప్పియుండెడిది.

కంప్యూటరుపై వ్రాయువారికి ఈ జవాబులను భద్రపఱచి యిచ్చు సాధనములలో గిట్ అనునది నేడు మిక్కిలి ప్రచారమున నున్నది. కంప్యూటరును నడిపించు ఆజ్ఞలును వ్రాతయే గనుక, పట్టణములలో ఆ పని చేయు మీ మనుమలకు ఈ పేరు నిత్యము వినబడునది. మీ వ్రాతలకు సైతము ఇది యుపకరించును.

దీని పుట్టుక కొంత చెప్పవలెను. ఫిన్లండు దేశీయుడగు లీనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ అను కంప్యూటరు వ్యవస్థకు మూలభాగమును వ్రాయ నారంభించెను. ఆ మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. దేశదేశములనుండి వచ్చిపడు మార్పుల లెక్క యుంచుటకు 2002 నుండి బిట్‌కీపర్ అను సాధనమును వాడిరి. వారికది ఉచితమే కాని, హక్కులు యజమానివి. 2005లో ఆ యుచితపు అనుమతి తొలగిపోయెను. ఎరువుసొమ్ము బరువుచేటన్న మాట అక్కడ నిజమయ్యెను. ఆ యేడు ఏప్రిలు 3వ తేదీన టోర్వాల్డ్స్ క్రొత్త సాధనమునకు పూనుకొనెను; 7వ తేదీకే గిట్ తన మార్పుల లెక్కను తానే వ్రాసికొనుచుండెను. జూలైలో దాని పోషణభారము జూనియో హమానో చేతికి వచ్చెను. ఈ మాఱు మూలపాఠము అందఱికిని తెఱచియున్నది. వాడుటకును, మార్చుటకును, పంచుటకును దాని లైసెన్సు హక్కు నిచ్చుచున్నది. పేరు సంగతి యడుగుదురేమో! ఇంగ్లీషువారి వాడుకభాషలో గిట్ అనగా ఒక విధమైన తిట్టు. తాను చేసినవానికన్నిటికి తన పేరే పెట్టుకొందునని టోర్వాల్డ్స్ చమత్కరించెను.

ఇక పని తీరు. మీ గ్రామచరిత్రమును ముగ్గురు కలసి వ్రాయుచున్నారనుకొనుడు: చెఱువు సంగతి ఒకరు, గుడి శాసనము ఒకరు, కరవుకాలపు ముచ్చటలు ఒకరు. ఆ వ్రాతలును వాని మార్పుల లెక్కయు కలసియున్న చోటికి రిపాజిటరీ యని పేరు, భాండాగార మనుకొనవచ్చును. కొంత దిద్దిన పిమ్మట ఆ దిద్దుబాటును లెక్క కెక్కించుట కమిట్. పూర్వము కరణము చిట్టాలో పద్దు వ్రాసినట్లే, ఇందు వ్రాసినవాని పేరు, తేది, వేళ, కారణము చెప్పు వాక్యము చేరును. ఆ వాక్యము నలక్ష్యము చేయరాదు. ‘దిద్దితిని’ అని వ్రాసిన ఫలమేమి? ‘శాసనమునందలి శకవత్సరమును సరిచూచి మార్చితిని’ అని వ్రాయవలెను.

ప్రతి పద్దునకును గిట్ సాధారణముగా నలువది యక్షరముల గుర్తు నొకదానిని గణించి వేయును. ఆ గుర్తు లోపలి పాఠమునుండియు, వెనుకటి పద్దు గుర్తునుండియు గణితముచే పుట్టినది. కావున పాత పద్దులో ఒక్క యక్షరము మార్చినను దాని గుర్తు మాఱును. ఆ తరువాతి గుర్తు లన్నియు మాఱిపోవును. పాత పద్దులను తిరుగవ్రాయుట అసాధ్యము కాదు, అందుకు ఆజ్ఞలు గిట్‌లోనే కలవు. కాని రెండవవాని యొద్ద పూర్వపు ప్రతి యున్నంతకాలము గుట్టుగా మార్చి తప్పించుకొనుట కుదురదు. దస్తావేజు తగాదాలు తీర్చిన పెద్దలకు దీని విలువ నేను చెప్పనక్కఱలేదు.

రెండవవానియొద్ద ప్రతి యెట్లుండునందురా? ఇదివఱకు విరివిగా వాడిన సబ్‌వర్షన్ వంటి సాధనములలో పూర్తి చరిత్రము నడుమనున్న ఒక్క యంత్రమందే యుండెడిది. గిట్‌లో ప్రతి తీసికొన్న వానికి నేటి పాఠముతోపాటు మొదటి పద్దు నుండి చరిత్ర మంతయు సంక్రమించును. ఒక యింట కంప్యూటరు చెడినను మిగిలిన ఇద్దరి యొద్ద గ్రంథము నిలుచును.

క్రొత్తవారు జంకునది మఱియొకటి. ఒకరు చెఱువును కాకతీయులు త్రవ్వించిరని, మఱియొకరు రెడ్డిరాజులు త్రవ్వించిరని ఒకే పంక్తిని రెండు విధముల మార్చిరనుకొనుడు. రెంటిని కలుపబోయినపుడు గిట్ ఆగిపోవును. రెండు పాఠములను ఒకదానిక్రింద నొకటి నిలిపి, నిర్ణయింపుడనును. నేను నేర్పువారిలో పలువురు దీనిని చూచి యంత్రము చెడినదనుకొందురు. చెడలేదు. గిట్‌నకు చరిత్రము తెలియదు. శాసనము చదువవలసినవారు మనుష్యులే. ఇద్దరు గూర్చుండి మాటలాడుకొని ఒక పాఠమును నిలిపినచో, అదియు ఒక పద్దుగా చేరును. తేలనిచో చెఱువు కథను వేఱొక శాఖలో వ్రాసియుంచుకొనవచ్చును. మూలపాఠమునకు హాని లేదు.

బోధకులు కొందఱు మొదటి గంటలోనే ఆజ్ఞలన్నియు కుమ్మరించి క్రొత్తవారిని బెదరగొట్టుచున్నారు. ఇది నాకు సమ్మతము కాదు. మొదటి వారము ముగ్గురుండ నక్కఱలేదు; ఒక్కరే ఒక్క వ్యాసమును దిద్దుచు, దినమున కొక పద్దు వ్రాసి, వెనుకటి దినపు పాఠముతో పోల్చి చూచినచో చాలును. ఆ పోలికను చూపు ఆజ్ఞకు డిఫ్ అని పేరు. తీసివేసిన పంక్తికి ముందు తీసివేత గుర్తును, చేర్చినదానికి కూడిక గుర్తును చూపును. ఛాయాపటముల విషయమున నిది యంతగా పనికిరాదు. పంక్తులుగా నున్న వ్రాతయే దీనికి తగినది.

ఒక్క జాగ్రత్త వలయును. బ్యాంకు రహస్యపదములు, ఇతరుల యింటి సంగతులు ఇందు వ్రాయకుడు. తరువాత చెఱిపినను పాత పద్దులో నవి యుండనే యుండును. ప్రతులు పదిమంది చేతికి పోయిన పిమ్మట వానిని వెనుకకు రప్పించుట ఎవరి తరమును గాదు.