తోటలో గడ్డి కోసే చిన్న ట్రాక్టరుకు వెనుక టైర్లు



మొన్న వానలు వెనుకబట్టిన తరువాత ఒక బత్తాయి తోట చూడబోయినాను. సాళ్ళ మధ్య గడ్డి చక్కగా కోసి ఉన్నది. కాని చక్రాలు నడిచినచోట జానెడు వెడల్పున రెండు కాలువలు పడినవి. డ్రిప్పు నీరు పాదులో ఇంకకుండా ఆ కాలువల్లోకి దిగుతున్నది. "టైర్లు అరిగిపోయినయ్యండీ, బాగా పట్టుండేవి చెప్పండి" అన్నారు తోట యజమాని. ఆయన బేరం చేసి ఉంచినవి దమ్ము టైర్లు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో మీకూ చెబుతాను.

నాగలి లాగేటప్పుడు టైరు నేలను పట్టుకొని లాగాలి. గడ్డి కోసే యంత్రం సంగతి వేరు. ఇంజను బలంలో ఎక్కువ భాగం పి.టి.ఓ. ద్వారా కత్తులకు పోతుంది. చక్రాలు చేసేది బరువు మోయటం, ముందుకు నడవటం, అంతే. దమ్ము టైరు మీద రబ్బరు గట్లు మామూలు టైరు గట్లకు దాదాపు రెట్టింపు లోతుంటాయి. బురదలో అవి కావలసినవే. తోటలో అయితే మలుపు తిరిగిన ప్రతిసారీ గడ్డిని వేళ్ళతోసహా పెకలిస్తాయి. బత్తాయి పీచు వేళ్ళు చాలావరకు పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి గదా! ఆ మట్టి గట్టిపడితే వేరుకు గాలి ఆడదు, గాడిలో నీరు నిలుస్తుంది. నీరు నిలవటం బత్తాయికి బొత్తిగా పనికిరాదు.

గడ్డి కోతకోసమే తయారైన టైర్లున్నవి. వాటిమీద ఎత్తయిన గట్లకు బదులు చిన్న చిన్న దిమ్మలుంటాయి, వెడల్పు ఎక్కువ. చదును నేలకు వాటిని మించినవి లేవు. అయితే అన్ని ఊళ్ళలోనూ దొరకవు, తరచు రిమ్ము కూడా మార్చవలసి వస్తుంది. తడి గడ్డిమీద, వాలు నేలమీద జారుతాయి కూడాను. వాలు తోటలవారు మామూలు ట్రాక్టరు టైర్లే ఉంచుకోవటం మంచిది. నన్నడిగితే చదును తోటకు సగం అరిగిన మామూలు టైరు బంగారం వంటిది. గట్లు తగ్గినందువల్ల నేలను చీల్చదు. పక్కగోడలు పగలకుండా, లోపలి పోగులు బయటపడకుండా ఉంటే దానిని పారవేయనక్కరలేదు. దుక్కికి కొత్త జత, కోతకు పాత జత పెట్టుకోవచ్చు.

ఇక అసలు ప్రమాదం చెబుతాను. చాలా చిన్న ట్రాక్టర్లకు వెనుక 8.3-20 టైరు వస్తుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది రిమ్ము కొలత, రెండూ అంగుళాలలోనే. పాత లారీ టైరు 8.25-20 చవకగా దొరుకుతుంది. "8.3కీ 8.25కీ ఎంత తేడా లెండి!" అనిపిస్తుంది. అంకెలు దగ్గరేగాని టైర్లు వేరు. లారీ టైరు అంచు, ఊడదీసే రింగు ఉన్న రిమ్ముకు తగినట్లు చేసినది. ట్రాక్టరు రిమ్ము ఒకే ముక్క. అది సరిగా కూర్చోదు. గాలి కొట్టేటప్పుడు అంచు ఎగిరితే మనిషి ప్రాణానికే ముప్పు. పైగా అది చాలా ఎక్కువ గాలితో బరువు మోసే టైరు. గాలి తగ్గించినా పక్కగోడలు సరిగా వంగవు.

ఎత్తు మారినా చిక్కే. పాత టైరుమీద సుద్దతో గీత గీసి, చదును నేలమీద పది చుట్లు నడిపి, దూరం కొలవండి. కొత్తది అమర్చిన ట్రాక్టరు మీ ఎరుకలో ఎక్కడైనా ఉంటే దానితోనూ కొలవండి. ముందు 27 మీటర్లు, తరువాత 28న్నర వచ్చిందనుకొందాం. అంటే అదే గేరులో బండి నూటికి అయిదున్నర వంతు వేగంగా పోతుంది. కత్తుల వేగం మాత్రం పెరగదు, కాబట్టి కోత పలచబడుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టరయితే ముందు చక్రాల గేర్లు వెనుక టైరు ఎత్తుకు జతపడి ఉంటాయి. వెనుకవి మాత్రమే మార్చితే గట్టి దారిమీద ఆ గేర్లు నలిగిపోతాయి. అటువంటి బండికి కంపెనీ చెప్పిన జతే వేయాలి.

వెడల్పు టైరు కొనేముందు మరొకటి కొలవండి. రెండు టైర్ల బయటి అంచుల మధ్య దూరం కోత యంత్రం వెడల్పును మించకూడదు. మించితే చక్రం కింద పడుకున్న గడ్డి కోత పడకుండా, తరువాత లేచి నిలబడుతుంది. టైరు మడ్‌గార్డుకూ, లిఫ్టు చేతులకూ తగలకుండా ఉన్నదో లేదో కూడా చూడండి.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. నేలమీద పడే ఒత్తిడి సుమారుగా టైరులోని గాలి ఒత్తిడంత ఉంటుంది. ట్రక్కు లాగటానికి ఎక్కించిన గాలితోనే తోటలోకి దిగవద్దు. ఆ బరువుకు కంపెనీ పుస్తకంలో చెప్పిన కనిష్ఠానికి తగ్గించండి, అంతకు దిగువకు మాత్రం పోవద్దు. దుక్కికోసం టైర్లలో నీళ్ళు నింపి ఉంటే చదును తోటలో తీసివేయవచ్చు. వాలు నేలలో తీయవద్దు. కోత యంత్రం ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలిపోతుంటే ముందుభాగాన బరువు కట్టాలి.

బిగించేటప్పుడు మామూలు టైరుకు తిరుగుడు దిక్కు చూడాలి. బండి వెనుక నిలబడి చూస్తే గట్ల మొన పైకి ఉండాలి. టైరు పక్కన బాణం గుర్తు కూడా ఉంటుంది. మొదటిరోజు రెండు మూడు గంటలు నడిచాక ఆపి, చక్రం బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించండి.